బకెట్టు మీద కూర్చున్నవాడు

జూన్ 4
కుట్టు షాపు నుంచి

బావా,

మీరూ అక్కా బాగానే ఉన్నారని తెలుసు. బాగోకపోతే అక్క ఈపాటికి రెండు ఉత్తరాలు రాసి పడేసేది. ఇక్కడ మేమూ బాగున్నాం. బళ్ళు తెరిచే రోజులు కదా, షాపులో నీలం నిక్కర్లు గుట్టలుగా పడున్నాయి. ఆ గుట్టల వెనక ఎక్కడో మీ చెల్లెలు కూర్చుని కాజాలు కుడుతోంది. పిలిస్తే పలుకుతుంది కాబట్టి ఉందనే అనుకుంటున్నాను. కటింగ్ కూడా నేర్పమని ఒకటే పోరు. ఒక షాపుకి ఒక కత్తెర, ఒక చెయ్యి అన్నాను. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తిరింపు తప్పితే గుడ్డ మళ్ళీ అతుకుతుందా?

అసలు సంగతికొస్తాను. మా చిన్నోడికి మొదటి ట్రైనింగ్ పూర్తయింది. ఏ కంపెనీకి వేశారా అని కాగితం చూస్తే మీ కంపెనీయే. సైన్యంలో అంతమంది మాస్టర్లుండగా వాడు పోయి పోయి మీ చేతిలో పడ్డాడంటే, దేవుడు మా ఇంటి వైపు ఓసారి తిరిగి చూసినట్టే. కొండంత అండ. వాడికి ఆకలేస్తే అడగడు, దెబ్బ తగిలితే చెప్పడు. కాస్త ఓ కన్నేసి ఉంచండి. నేను రాశానని మాత్రం వాడికి చెప్పకండి.

మీ పెళ్ళికి నేను కుట్టిన కోటు సంగతి మనసులో పెట్టుకోకండేం. అది నా చేత్తో కుట్టిన మొట్టమొదటి కోటు. ఎడమ చెయ్యి పొట్టిగా వచ్చిందని ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నారు. ఆ కసి మా వాడి మీద తీర్చుకోరని నమ్ముతూ,

మీ బామ్మర్ది


జూన్ 17
క్యాంపు

బామ్మర్దీ,

నీ ఉత్తరం అందింది. కవరులో ఒక నల్ల గుండీ కూడా ఉంది. కావాలని పంపావో, నీ ఒళ్ళోంచి జారిపడిందో తెలీదు. దాచి ఉంచాను. గుండీ పంపినవాడు ఎప్పటికైనా చొక్కా పంపకపోతాడా అని ఆశ.

నీ కొడుకు వచ్చాడు. నన్ను చూడగానే "మామయ్యా" అనబోయి, నా మొహం చూసి "సార్" అన్నాడు. ఆ రెండు మాటల మధ్య వాడు గుటక మింగిన చప్పుడు నాకు వినపడింది. తెలివైనవాడే. ఈల ఊదిన దగ్గర్నుంచి మళ్ళీ ఈల ఊదేదాకా నాకు మేనల్లుళ్ళెవరూ ఉండరని వాడికి అప్పుడే అర్థమైపోయింది.

ఇక్కడ కుర్రాళ్ళు నాకో పేరు పెట్టారు. యముడు. ఎందుకో చెప్తాను, మళ్ళీ వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విని కంగారుపడతావు. మా దగ్గర పదిమందిని ఒక జట్టు చేస్తాం, దాన్ని సెక్షన్ అంటాం. వాళ్ళకో పని చెప్తాం. ఆ గుట్ట ఎక్కి పైనున్న పాకని పట్టుకోండి, ఆ వాగు దాటి అవతల వాళ్ళకి కబురందించండి, ఇలా. వాళ్ళు మొదలెట్టగానే నేను వెనకాలే నడుస్తాను. మధ్యలో ఎవడో ఒకడి భుజం మీద నా కర్రతో తట్టి, "నువ్వు పోయావు. కూర్చో" అంటాను. తగిలింది తూటా అనుకోవాలన్నమాట. వాడు వెళ్ళి బోర్లించిన బకెట్టు మీద కూర్చోవాలి. నోరెత్తకూడదు, సైగ చెయ్యకూడదు. మిగతావాళ్ళు వాడు లేకుండానే పని పూర్తిచెయ్యాలి. వాన రానీ, కాళ్ళు పీకనీ, మళ్ళీ మళ్ళీ అదే పని. అన్నీ అయ్యాక అందరం కింద కూర్చుని ఎక్కడ తప్పుపోయిందో చెప్పుకుంటాం. అందరికంటే చిన్నవాడు ముందు చెప్తాడు. బకెట్టు మీదవాడు ఆఖర్న చెప్తాడు, ఎందుకంటే తీరిగ్గా చూసింది వాడొక్కడే.

ఇంతే నా ఉద్యోగం. యముడికైనా దున్నపోతు ఉంది, నాకు కర్రే.

మీ అక్కకి మోకాలి నొప్పి తగ్గింది. కోటు భద్రంగా ఉంది. చెల్లెమ్మని నిక్కర్ల గుట్టలోంచి అప్పుడప్పుడూ బయటికి తీస్తూ ఉండు.

బావ


జూలై 11
షాపు

బావా,

ఆ గుండీ జారిపడిందే. పొరపాటు. ఉంచుకోండి.

చిన్నోడు వాళ్ళమ్మకి ఉత్తరం రాశాడు. మామూలుగా నాలుగు ముక్కలు రాస్తాడు, ఈసారి రెండు వైపులా నింపాడు. ప్రాక్టీసు మొదలైన కాసేపటికే మీరు వచ్చి మొట్టమొదట వాణ్ణే తడుతున్నారట. ఒకరోజు కాదు, రోజూ. అందరూ పరుగులెత్తుతుంటే వాడు బకెట్టు మీద కూర్చుంటున్నాడు. జట్టులో వాడికి "శవం" అని పేరుకూడా పెట్టేశారట. "శవం లేచిందా? శవం టీ తాగిందా?" అని పొద్దున్నే పలకరింపు. "అమ్మా, మామయ్యకి నేను పనికిమాలినవాడిలా కనపడుతున్నానేమో. నాకేమీ నేర్పకుండానే కొండల మీద కాపలాకి పంపేస్తారేమో" అని రాశాడు.

ఆ ముక్క చదివి మీ చెల్లెలు సూది వేలికి గుచ్చుకుంది.

వాడేమైనా తప్పు చేశాడా? చేస్తే నాకు రాయండి, నేను చెప్పుకుంటాను. లేకపోతే ఆ కోటు చెయ్యి పాత బాకీ ఏమైనా వసూలు చేస్తున్నారా? ఇది నవ్వుతూనే రాయడం మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఉంటే నవ్వు ఆగిపోయింది.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

మీ బామ్మర్ది


జూలై 22
క్యాంపు

బామ్మర్దీ,

వాడు తప్పేమీ చెయ్యలేదు. బకెట్టు కూడా ట్రైనింగే. ఇంతకంటే ఇప్పుడు చెప్పను. నాకు చెప్పడం ఇష్టం లేక కాదు, నీ నోట్లో నువ్వుగింజ నానదని. చిన్నప్పుడు మీ అక్క సంబంధం ఖాయమైన సంగతి పెళ్ళికొడుకునైన నాకంటే ముందు మీ వీధి వీధంతా తెలిసింది నీవల్లే కదా.

ఇక్కడ ఒకటే వానలు. బూట్లు ఎండవు, మనుషులు ఎండరు. వంటగదిలో పొయ్యి దగ్గర బూట్లు వరసగా పెట్టారు. వంటవాడు ఏది చారు గిన్నో ఏది బూటో చూసుకుని మరీ కలుపుతున్నాడు.

ధైర్యంగా ఉండు.

బావ

తమ్ముడూ, ఇది అక్కని రాస్తున్నాను. నాకూ ఏమీ చెప్పట్లేదు. అడిగితే కర్ర తుడుచుకుంటూ కూర్చుంటారు. కానీ రోజూ వచ్చీ రాగానే "మీ తమ్ముడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందా" అని అడుగుతున్నారు. నువ్వేమనుకుంటున్నావో అని ఆయనకి బెంగగానే ఉంది. పైకి ఒప్పుకోరు.


ఆగస్టు 2

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం చేరింది. బూట్ల సంగతి, చారు సంగతి తెలిసింది. సంతోషం.

ముప్పై ఏళ్ళలో మిమ్మల్ని నేనేదీ అడగలేదు. ఇప్పుడు ఒకటి అడుగుతున్నాను. మీ క్యాంపు స్టోర్సులో బట్టలు కుట్టేవాడు మానేస్తున్నాడని చిన్నోడు రాశాడు. వాడికి కుట్టు వచ్చు. నా మిషను పక్కనే పెరిగాడు, బాబిన్‌కి దారం చుట్టడం అక్షరాలకంటే ముందు నేర్చుకున్నాడు. ఆ పనిలోకి మార్చమని అర్జీ పెట్టుకోమని నేనే చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. వాళ్ళమ్మ చేత రెండు ఉత్తరాలు రాయించాక ఒప్పుకున్నాడు. అర్జీ మీ బల్ల మీదికే వస్తుందట. మీ సంతకం ఉంటే చాలట.

వాడు కొండల మీదికి పనికిరాడని మీరు తేల్చారు. మాస్టరు మీరు, మీకంటే నాకెక్కువ తెలుసా? పనికిరానివాణ్ణి పైకి పంపి నిజం తూటాకి అప్పజెప్పేకన్నా, గదిలో కూర్చోబెట్టి గుండీలు కుట్టించండి. చిన్నోడన్న మాటేగానీ వాడు మాకు ఒక్కడే. సంతకం పెట్టండి. మరింకేమీ అడగను.

ఇట్లు,
మీ భార్య తమ్ముడు


ఆగస్టు 9
క్యాంపు

బామ్మర్దీ,

"బావగారు" అన్నావు. "మీ భార్య తమ్ముడు" అని సంతకం పెట్టావు. నన్ను ఇన్నేళ్ళలో చాలామంది తిట్టారుగానీ ఇంత మర్యాదగా తిట్టినవాడివి నువ్వే.

అర్జీ నా ఎదురుగా ఉంది. మీవాడి చేతిరాత నీలాగే ఉంది, కుట్టు వేసినట్టు వరస తప్పదు. ఇంక దాచి లాభం లేదు. అంతా చెప్తాను, నిదానంగా చదువు.

మీవాడు పనికిరానివాడని నేనెప్పుడన్నాను? ఈ కంపెనీకి ఈ మధ్య వచ్చినవాళ్ళలో అంత చురుకైనవాణ్ణి నేను చూళ్ళేదు. గొడవంతా అదే.

వచ్చిన కొత్తలో ఒక ప్రాక్టీసు పెట్టాం. వాగు దాటి, గుట్ట చుట్టి వెళ్ళి పైనున్న పాకని పట్టుకోవాలి. దారి మీవాడే చూశాడు. వైర్‌లెస్ మీవాడే మాట్లాడాడు. ఎవడు ఎక్కడ పడుకోవాలో మీవాడే చెప్పాడు. ఒకడి బూటు లేసు ఊడితే అదీ మీవాడే కట్టాడు. పని బ్రహ్మాండంగా అయింది. మేజరుగారు చూసి, "ఈ సెక్షన్ రెడీ" అన్నారు. నేను మిగతావాళ్ళ మొహాలు చూశాను. మీవాడు నీళ్ళు తాగితే వాళ్ళు నీళ్ళు తాగుతున్నారు. మీవాడు ఆగితే వాళ్ళు ఆగుతున్నారు. మేకల మందకి కాపరి దొరికినట్టుంది. అక్కడున్నది పదిమంది సెక్షన్ కాదురా, ఒక్కడూ, వాడి వెనక తోకా. ఆ ఒక్కడికి తగిలితే? మిగతావాళ్ళు చుట్టూ నిలబడి వాడి మొహంలోకే చూస్తారు, ఇప్పుడేం చెయ్యమంటావు అని. అలా చూస్తుండగా వాళ్ళకీ తగులుతుంది. మీవాణ్ణి కిందికి మోసుకొచ్చే దిక్కు ఉండదు.

అందుకే మీవాణ్ణి ముందు తడుతున్నాను. వాడికి నేర్పడానికి కాదు, వాడు లేకుండా మిగతావాళ్ళు నేర్చుకోడానికి.

ఆ జట్టులో ఒకడున్నాడు. నాన్చుడు అంటారు వాణ్ణి. ఏ బూటు ముందు వేసుకోవాలో తేల్చుకోడానికి వాడికి పూట పడుతుంది. మీవాణ్ణి మొదటిసారి తట్టినప్పుడు, ఈ నాన్చుడు వెళ్ళి బకెట్టు పక్కనే చతికిలబడ్డాడు. "నిన్నెవడు చంపాడ్రా?" అన్నాను. "ఎవరూ చంపలేదు సార్, వాడు లేడు కదా అని" అన్నాడు. ఇంకో రోజు, ఎటు పోవాలో బకెట్టు మీదవాణ్ణే అడిగాడు. శవం నోరు విప్పలేదు నిజమే, కానీ కళ్ళతో ఎడమవైపు చూపించింది. నేను బకెట్టుని గోడ వైపు తిప్పించాను. అప్పట్నుంచీ మీవాడు గోడని చూస్తూ, వెనకాల వీళ్ళ అడుగుల చప్పుడు వింటున్నాడు. ఆఖర్న మాట్లాడేటప్పుడు, ఎవడు ఎక్కడ తటపటాయించాడో చూడకుండానే చెప్తున్నాడు. అదీ చదువే.

మొన్న నాన్చుడు మొదటిసారి నోరు తెరిచి, "కుడివైపు పదండి" అన్నాడు. అది తప్పు దారి. అయినా నాకు పండగే. తప్పు చెప్పినవాణ్ణి దిద్దొచ్చు, చెప్పనివాణ్ణి ఏం చేస్తాం?

ముందే చెప్పొచ్చు కదా అంటావు. నీకు చెప్తే చెల్లెమ్మకి చెప్తావు. చెల్లెమ్మ వాడికి రాస్తుంది. వాడికి తెలిస్తే బకెట్టు మీద సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చుంటాడు. అది చూసి మిగతావాళ్ళు, "అసలువాడు వాడే, కాసేపాగితే లేస్తాడు" అని ధీమాగా ఉంటారు. అప్పుడు కర్రా దండగ, నేనూ దండగ. వాడు నిజంగా పోయాడని వాళ్ళు నమ్మాలి. వాడు రోజూ చిన్నబోయి కూర్చుంటుంటే నాకేమీ సరదాగా లేదు. మీ అక్కకి చెప్పకు.

నీ జవాబు వచ్చేదాకా ఈ అర్జీ ఇలాగే ఉంటుంది. తండ్రివి నువ్వు. ఇదంతా చదివాక కూడా పెట్టమంటే పెడతాను, నిష్ఠూరం లేకుండా పెడతాను.

కోటు మాట. ఎడమ చెయ్యి పొట్టిది కావడం వల్ల నాకు పెళ్ళిలో చేతిగడియారం ఎప్పుడూ బయటే ఉంది. ముహూర్తం దాటిపోకుండా చూసుకున్నది నేనే. దానికి నేను కసి పెట్టుకుంటానా?

బావ


ఆగస్టు 18
షాపు

బావా,

సంతకం పెట్టకండి.

మీ ఉత్తరం మీ చెల్లెలికి పైకి చదివి వినిపించాను. చెప్పొద్దన్నారు కానీ, దాని దగ్గర దాచేంత పెద్ద షాపు కాదు మాది. అంతా విని, దారం కొరికి, "అన్నయ్యని వాణ్ణి బాగా చంపమని రాయండి" అంది. ఆ ముక్క ముక్కగానే రాస్తున్నాను. వాడికి మాత్రం రాయదు. ఒట్టేసింది. నేనూ వేశాను, కానీ నా ఒట్టు మీద మీకు నమ్మకం లేదు కాబట్టి దాని ఒట్టే లెక్కలోకి తీసుకోండి.

నిజం చెప్పాలంటే నాకు సగమే నమ్మకం కుదిరింది. నన్ను ఊరడించడానికి రాశారేమో అని ఇంకో సగం. అలా అయినా సరే, కుట్టు చాలా బాగా కుదిరింది బావా, అతుకు కనపడట్లేదు.

మొన్నటి ఉత్తరం ఎక్కడైనా ఉంటే చింపెయ్యండి.

మీ బామ్మర్ది


నవంబరు 20
ఆసుపత్రి వరండా

బామ్మర్దీ,

చిన్నోడు బతికే ఉన్నాడు. ఈ వాక్యం ఇంకోసారి చదువు. చెల్లెమ్మకి వినిపించు. తర్వాతే మిగతాది.

తొడలో తూటా దిగింది. తీసేశారు. ఎముకకి తగల్లేదు. నెమ్మదిగా నడుస్తాడని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ ఊరికే మంచిమాటలు చెప్పే మనిషిలా లేదు, నన్ను బూట్లు విప్పి లోపలికి రమ్మని రెండుసార్లు కసిరింది. అందుకని నమ్మాను.

కొండ మీది పోస్టు నుంచి గస్తీకి వెళ్ళారు. సెక్షన్ పెద్దకి జ్వరమొచ్చి పోస్టులో ఉండిపోతే, ముందు నడిచింది మీవాడే. ఇరుకు బాటలో ఉండగా పైనుంచి కాల్పులు మొదలయ్యాయి. మొట్టమొదట తగిలింది వాడికి. నేనక్కడ లేను. ఇదంతా నాన్చుడు చెప్పింది.

కిందపడ్డవాడు ఊరుకోవాలా వద్దా? మీవాడు ఊరుకోలేదు. నెత్తురు కారుతుండగా, "వెనక్కి జరగండి, వైర్‌లెస్ తియ్యండి" అని అరుస్తూ లేవబోయాడట. లేస్తే రెండోది ఎక్కడ తగిలేదో నీకు నేను చెప్పక్కర్లేదు. నాన్చుడు పాక్కుంటూ వచ్చి, మీవాడి నోటి మీద చెయ్యి పెట్టి, "నువ్వు పోయావు. నోరు మూసుకుని పడుకో" అన్నాడట. అచ్చం నా గొంతుతో అన్నాడట, వాడే చెప్పుకుంటున్నాడు. మీవాడు అలవాటుకొద్దీ ఠక్కున నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు. పడుకుని వీళ్ళ అడుగులు వింటూ ఉన్నాడు.

ఎవరూ వాడి మొహంలోకి చూడలేదు బామ్మర్దీ. వైర్‌లెస్ తీసుకోవాల్సినవాడు తీసుకున్నాడు. ఇద్దరు పైకి కాలుస్తుంటే నలుగురు దుప్పటిలో వేసి వాడిని బండరాయి వెనక్కి లాగారు. ఎటు దిగాలో నాన్చుడు చెప్పాడు. ఈసారి ఎడమవైపు, సరైన వైపు. అందరూ దిగొచ్చారు. అందరూ అంటే అందరూ.

ఇప్పుడు వాడు ఆ చివరి మంచం మీద నిద్రపోతున్నాడు. నాన్చుడు పక్కన బల్ల మీద కూర్చుని, బత్తాయి పండు వలవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.

ఒక మాట నువ్వు అడక్కముందే నేనే అంటాను. ఆ అర్జీ మీద నేను సంతకం పెట్టుంటే వాడి కాలికి ఏమీ అయ్యేది కాదు. వస్తూ దారంతా అదే అనుకుంటూ వచ్చాను. నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

వచ్చేటప్పుడు చెల్లెమ్మకి చెప్పు, ఏడుపు బయటే కానిచ్చి లోపలికి రమ్మను. డాక్టరమ్మ అరుస్తుంది.

బావ


జనవరి 14
షాపు

బావా,

ఆసుపత్రిలో మీ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను, మీరు "వదలరా, కర్ర పడిపోతుంది" అన్నారు. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను. మీకు రుణపడ్డాను అంటే మీరు ఏదో వేళాకోళం చేస్తారు. చేసుకోండి. రుణపడ్డాను.

సంతకం సంగతి మీరింక మర్చిపోండి. చిన్నోణ్ణి నేను అడిగాను, కుట్టుగదిలో ఉండుంటే బాగుండేదా అని. వాడు, "అప్పుడు తూటా నాన్చుడికి తగిలేది నాన్నా, నోటి మీద చెయ్యి పెట్టేవాడు ఎవడుండేవాడు?" అన్నాడు. బకెట్టు గుట్టు కూడా అప్పుడే వాళ్ళమ్మ విప్పింది. వాడు, "మామయ్య నన్ను అంత గొప్పగా చూశాడా" అన్నాడు. తర్వాత, "ఆ గోడకి ఎన్ని పగుళ్ళున్నాయో నాకు కంఠతా వచ్చు" అన్నాడు. ఇంతే. ఇప్పుడు ఇంట్లో చేతికర్రతో నడుస్తున్నాడు. దాంతో పిల్లిని తట్టి, "నువ్వు పోయావు" అంటున్నాడు. పిల్లి కూర్చోవట్లేదు. నాన్చుడు ఉత్తరాలు రాస్తాడు, ప్రతి ఉత్తరంలోనూ రెండు కొట్టివేతలు. మీ చెల్లెలు వాడికి రెండు చొక్కాలు కుట్టి పంపింది.

ఇప్పుడు నా సంగతి. నా కుడి మణికట్టు కొన్నాళ్ళుగా లాగుతోంది, కత్తెర పట్టుకుంటే జివ్వుమంటుంది. ఎవరికీ చెప్పలేదు. మీ ఉత్తరం ఇంకోసారి తీసి చదువుకున్నాను, ఒక్కడూ, వాడి వెనక తోకా అన్న ముక్క. తల తిప్పి షాపు చూసుకున్నాను. నాకు తగిలితే ఈ షాపులో కత్తెర పట్టే దిక్కు లేదు.

అందుకని పోయిన నెల ఒకరోజు పొద్దున్నే నీళ్ళ బకెట్టు బోర్లించి గోడవైపు తిరిగి కూర్చున్నాను. "ఏమైంది?" అని మీ చెల్లెలు అడిగింది. "పోయాను. నువ్వు కత్తిరించు" అన్నాను. ఆ మాటకి ఒక దెబ్బ వేసింది, శవమని కూడా చూడలేదు. తర్వాత కత్తెర తీసింది. బావా, గుడ్డ మీద కత్తెర నడుస్తుంటే వెనక్కి తిరక్కుండా కూర్చోవడం ఎంత కష్టమో! మా వాడికి ఇప్పుడు మొక్కాలనిపిస్తోంది. చప్పుడు బట్టే తెలిసిపోతుంది, ఎక్కడ ఆగిందో, ఎక్కడ భయపడిందో. రెండు లంగాలు, ఒక చొక్కా అయ్యాయి. కాలరు ఒకటి పోయింది. పోనీ.

ఆ తర్వాత అది కోటు కత్తిరిస్తానంది. ఎవరికి అన్నాను. "అన్నయ్యకి. రిటైరవుతున్నారుగా" అంది. అక్కకి రాసి మీకు తెలీకుండా కొలత కోసం మీ పాత కోటు తెప్పించుకుంది. మీ పెట్టెలో లేదని వెతికి ఉంటే అందుకే. నడుం దగ్గర మాత్రం అక్క వేరే కొలత పంపింది, ఆ సంగతి మీరూ మీరూ చూసుకోండి. మిగతాదంతా ఆ పాత కోటునే ఆదిగా పెట్టుకుని, వేలెడు తేడా రాకుండా కత్తిరించింది. గుండీలు నల్లవి. ఒకటి తక్కువైంది, అది మీ దగ్గరే ఉంది, మీరే కుట్టుకోండి.

కోటు ఈ ఉత్తరంతోపాటే వస్తోంది. వేసుకుని చూసుకోండి. ఎడమ చెయ్యి కాస్త పొట్టిగా ఉంటుంది. వింటూనే ఉన్నాను బావా, ఆది పరిచిన చప్పుడుకే తెలిసింది. కానీ నేనప్పటికి పోయి ఉన్నాను, చెప్పకూడదు కదా.

మీ బామ్మర్ది